మమ్మల్ని చూడని సిగ్నల్‌కు జేజేలు

మోటారుసైకిలు నడిపేవాళ్ళకు ఈ లోకంలో అసలైన మేలు ఎవరు చేశారని అడిగితే కొందరు టైరు కనిపెట్టినవాడి పేరు చెబుతారు. ఇంకొందరు హెల్మెట్ కనిపెట్టినవాడి పేరు చెబుతారు. ఇద్దరూ కాదు. మా ఓస్గుడ్ ఊరి చివర, కౌంటీ రోడ్డు, అంటే మా జిల్లా రోడ్డు, హైవేని దాటే చోట ఒక సిగ్నల్ ఉంది. దానికి మోటారుసైకిలు కనబడదు. మాకు మేలు చేసింది అదీ!

నవ్వకండి. బాగా ఆలోచించే చెబుతున్నాను. ఆలోచించుకోవడానికి ఆ ఎర్ర దీపం దగ్గర నాకు కావలసినంత తీరిక దొరికింది.

సంగతేమిటంటే, అక్కడ రోడ్డు తారును నలుచదరంగా కోసి, ఆ గాడిలో తీగ పాతి, పైన నల్లటి జిగురు పోశారు. పెద్ద ఇనుప సామాను ఏదైనా దాని మీదికి వచ్చి ఆగితే పక్కనున్న పెట్టెకు తెలుస్తుంది. పెట్టె దీపానికి చెబుతుంది. దీపం పచ్చబడుతుంది. పికప్ ట్రక్కు వస్తే తెలుస్తుంది. ట్రాక్టరు వస్తే తెలుస్తుంది. మొక్కజొన్న కోసే యంత్రం వస్తే మరీ బాగా తెలుస్తుంది. మోటారుసైకిలు వస్తే? ఎవరూ రానట్టే లెక్క. హైవేకి పచ్చ, మాకు ఎరుపు. వెనక నుంచి బరువైనది ఏదో ఒకటి వచ్చేదాకా అంతే.

మా దేశంలో బండ్లు రోడ్డుకి కుడి పక్కనే నడుస్తాయి కాబట్టి కుడికి తిరిగి, కొంత దూరం పోయి, మళ్ళీ వెనక్కి రావచ్చు కదా అంటారా? ఎర్ర దీపంలో కుడికి తిరగరాదని అక్కడే బోర్డు పెట్టారు. నడిచేవాళ్ళ కోసం స్తంభానికి బటన్ ఉంటుందిగా, దిగి నొక్కొచ్చుగా అంటారా? మా కౌంటీలో నడిచేవాళ్ళు లేరని బటన్ పెట్టలేదు. వేరే దారి? దాని వంతెనను వరద పట్టుకుపోయింది. మా మంచి కోరేవాళ్ళు ఏ సందూ వదల్లేదు!

మొదటి మేలు ఓర్పు. మా ఊళ్ళో ఇదివరకు బండెక్కితే కళ్ళు మూసుకుపోయే కుర్రాళ్ళుండేవాళ్ళు. ఇప్పుడు వాళ్ళని చూడండి. సన్యాసుల్లా కూర్చుంటారు. ఇంజను కూడా ఆపేస్తారు. సోయాచిక్కుడు చేను ఏ పూట పసుపు తిరిగిందో దాన్ని వేసిన రైతు కన్నా వాళ్ళకే ముందు తెలుస్తుంది. సిగ్నల్ స్తంభం మీద పిచ్చుక గూడు కట్టి, గుడ్లు పెట్టి, పిల్లల్ని లేపి, వాటికి ఎగరడం నేర్పిందనీ, అదంతా ఒక్క ఎరుపులోనే చూశాననీ డ్వేన్ హ్రుష్కా ఒట్టు వేసి చెబుతాడు. డ్వేన్ మా ఊరి పాడిరైతు. అతని మాటల్లో సగం తీసెయ్యాలి. తీసేసినా, అది చిన్న ఎరుపంటారా?

డ్వేన్ మేనల్లుడి సంగతి మాత్రం సగం తీసెయ్యక్కర్లేదు, నేనూ ఎరుగుదును. ఆ కుర్రాడు ఒక అమ్మాయిని పెళ్ళికి అడుగుదామని జేబులో ఉంగరం పెట్టుకుని బండి మీద బయల్దేరాడు. ఎర్ర దీపం పడింది. పడి అలాగే ఉండిపోయింది. అతను ఆలోచించడం మొదలుపెట్టాడు. అంతకు ముందు అతనికి ఆ అలవాటు లేదు. చీకటి పడేలోగా బండి తిప్పుకుని ఇంటికి వెళ్ళిపోయాడు. ఆ అమ్మాయి ఇప్పటికీ క్రిస్మస్‌కి వచ్చి ఆ స్తంభానికి పచ్చటి దండ కట్టి వెళ్తుంది.

రెండో మేలు చదువు. మా ఊళ్ళో బడి మానేసినవాళ్ళంతా ఇప్పుడు విద్యుత్తు గురించి మాట్లాడుతున్నారు! బండిని గాడి గీత మీదే నిలబెట్టాలని ఒకడంటాడు. సైడ్ స్టాండు దించి దాన్ని గీతకు తాకించాలని ఇంకొకడు. బండిని పడుకోబెట్టాలని మరొకడు. అతను పడుకోబెట్టాడు కూడా. వెనకొచ్చిన పికప్ ఆయన ప్రమాదం జరిగిందనుకుని అంబులెన్సుకి ఫోన్ చేశాడు. అంబులెన్సు వచ్చింది, బరువైనది కాబట్టి దీపం పచ్చబడింది, అందరూ సంతోషంగా వెళ్ళారు.

డ్వేన్ ఇంకా లోతుకు వెళ్ళాడు. పాడి ఉన్నవాళ్ళకి తెలుసు, ఆవు గడ్డితో పాటు తీగ ముక్కలూ మేకులూ మింగుతుంది. అవి కడుపులో గుచ్చుకోకుండా వేలెడంత అయస్కాంతం ఒకటి దాని గొంతులో వేసి మింగిస్తాం. అది కడుపులోనే ఉండి ఇనుమునంతా పట్టి ఉంచుతుంది. ఆవుకి పనిచేసింది సిగ్నల్‌కి ఎందుకు పనిచెయ్యదు అనుకున్నాడు డ్వేన్. అలాంటి అయస్కాంతాలు తెచ్చి బండి పొట్ట కింద టేపుతో అంటించాడు. సిగ్నల్ అతని వైపు చూడలేదు. కానీ రోడ్డు మీద ఉన్న ప్రతి మేకూ, ప్రతి స్క్రూ, ఎవరి కంచె నుంచో ఊడిన ముళ్ళతీగ ముక్కా వచ్చి అతని బండికి వేలాడాయి. రోడ్డు అద్దంలా శుభ్రపడింది. పంక్చర్లు లేక టైర్ల షాపాయన ఇప్పుడు డ్వేన్‌తో మాట్లాడటం లేదు. ఇంత ప్రజాసేవ ఏ ప్రభుత్వ శాఖ చేసింది?

మూడో మేలు మర్యాద. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి.

మా వైపు మనుషులు మోటారుసైకిలువాడి వెనక బండి ఆపాల్సి వస్తే చాలా వెనకే ఆపుతారు. మీదికి వచ్చి నిలబడితే తొందర పెట్టినట్టుంటుందని. ఆ తీగ చదరం ఎక్కడుందో, పికప్ ఎక్కడ ఆగుతుందో చూస్తే మధ్యలో ఒక ఎడ్లబండి పట్టేంత ఖాళీ. దాంతో పెట్టెకు పికప్ కూడా తెలియదు. బైకువాడు కాస్త ముందుకు జరిగి, వెనక్కి తిరిగి, రమ్మని చెయ్యి ఊపుతాడు. పికప్ ఆయన, ఎవరో పలకరిస్తున్నారనుకుని స్టీరింగు మీద నుంచి ఒక వేలు పైకెత్తుతాడు. మా కౌంటీలో నమస్కారం అంటే అంతే, ఒక వేలు. ఇతను మళ్ళీ ఊపుతాడు. ఆయన మళ్ళీ వేలెత్తుతాడు. రెండు బండ్లూ, ఒక ఎర్ర దీపం, ఎడతెగని నమస్కారాలు! ఇంత స్నేహం పట్నంలో చూపించండి నాకు.

ఇన్ని మేళ్ళు చేసే సిగ్నల్ మీద ఫిర్యాదు చేసినవాడు ఊరి మొత్తానికి ఒక్కడే. లైల్ కుచేరా.

లైల్ మా బడి బస్సు నడుపుతాడు. ఇల్లు హైవేకి ఇవతల. బడీ, బస్సు షెడ్డూ, కోర్టూ, బేకరీ అన్నీ అవతల. వాళ్ళావిడ పక్క ఊరి ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేస్తుంది, పికప్ ఆవిడ దగ్గరుంటుంది. లైల్ మోటారుసైకిలు మీద షెడ్డుకు వెళ్ళి బస్సు తీస్తాడు. అది ఇంకా తెల్లవారీ తెల్లవారని వేళ. వెనక నుంచి వచ్చే బరువైన పుణ్యాత్ముడు ఆ వేళకి నిద్ర లేవడు.

మొన్న బడి తెరిచిన కొత్తలో ఒక పొద్దున వాన. లైల్ అక్కడ నిలబడే ఉన్నాడు. హైవే అటూ ఇటూ ఖాళీ. అవతల పొలం గేట్ల దగ్గర పిల్లలు బస్సు కోసం తడుస్తూ ఉంటారు. అతను అటు చూశాడు, ఇటు చూశాడు, మళ్ళీ అటు చూశాడు, దాటాడు. ధాన్యం గోదాము పక్కన కారులో కాఫీ తాగుతున్న మా కౌంటీ పోలీసు, డెప్యూటీ షెరీఫ్ కార్లా రైష్ అతన్ని ఆపింది.

కార్లా చిన్నప్పుడు లైల్ బస్సులోనే బడికి వెళ్ళింది. ముందు సీట్లో కూర్చునేది, వెనక కూర్చుంటే కడుపులో తిప్పేదట.

"మిమ్మల్ని ఆపడం నాకూ బాగాలేదు లైల్ గారూ," అంది. "కానీ ఎరుపు ఎరుపే కదండీ."

"కాదన్నానా అమ్మాయ్," అన్నాడు లైల్. "అది ఎరుపే. నేనొచ్చినప్పట్నించీ ఎరుపే."

ఆమె కేసు రాసింది. రాశాక అతను తడుస్తున్నాడని తన గొడుగిచ్చింది. మోటారుసైకిలు మీద గొడుగు పట్టుకుని వెళ్ళిన మనిషిని ఆ రోజు మా ఊరు మొదటిసారి చూసింది.

బడివాళ్ళ నియమం ఒకటుంది. ఎర్ర దీపం దాటిన కేసు నడుస్తున్నంతకాలం ఆ డ్రైవరు పిల్లల బస్సు ముట్టుకోకూడదు. కేసు ఓడితే ఇక ఎప్పటికీ కూడదు. లైల్‌కి ఆ బస్సు తప్ప వేరే పని చేతకాదని కాదు. వేరే పని అతనికి అక్కర్లేదు. ఏ పిల్లకి వెనక సీటంటే భయమో, ఏ పిల్లాడు పొద్దున్న తిండి తినకుండా వస్తాడో, ఎవరింట్లో రాత్రి గొడవైందో అతనికి వాళ్ళు మెట్టెక్కే తీరులోనే తెలుస్తుంది.

అతను లేని రోజుల్లో హెడ్మాస్టరు గారే బస్సు నడిపారు. మా కంకర రోడ్లన్నీ ఒకేలా ఉంటాయి. పిల్లలు దారి చెప్పారు. పిల్లలు దారి చెబితే ఎక్కడికి వెళ్తారు? ఒక రోజు బస్సు మొత్తం చెరువు దగ్గర తేలింది. లెక్కల పరీక్ష ఆ రోజే.

ఇక కేసు సంగతి. సిగ్నల్ చెడిపోయి ఉంటే దాటినవాడి తప్పు లేదని చట్టంలోనే ఉంది. కాబట్టి తేలాల్సింది ఒకటే: ఇది చెడిపోయిందా లేదా?

హైవే ఆఫీసు ఇంజనీరు పరీక్ష చెయ్యడానికి వచ్చాడు. మంచి మనిషి, కష్టజీవి. నిచ్చెనలూ, పెట్టెలూ, మీటర్లూ వేసుకుని పెద్ద ట్రక్కులో వచ్చాడు. గీత దాకా వచ్చి ఆపాడు. దీపం పచ్చబడింది. బాగానే ఉందని రాసుకుని వెళ్ళిపోయాడు. లైల్ మళ్ళీ ఫిర్యాదు చేశాడు. ఈసారి ఇంకా బాగా పరీక్ష చెయ్యాలని ఇంజనీరు ఇంకా పెద్ద ట్రక్కులో వచ్చాడు. దీపం ఇంకా తొందరగా పచ్చబడినట్టు అతనికి అనిపించిందట. మోటారుసైకిలు మీద వచ్చి చూడొచ్చు కదయ్యా అని డ్వేన్ అడిగితే, అతను జాలిగా చూసి, మీటర్లన్నీ దాని మీద ఎలా పడతాయండీ అన్నాడు. సబబైన మాటే!

కేసు జడ్జి హార్లన్ వీట్ గారి ముందుకొచ్చింది. బరువైన మనిషి, మెల్లగా మాట్లాడతారు. ఒక పక్క సిగ్నల్ దివ్యంగా ఉందని హైవే ఆఫీసు, ఇంకో పక్క దానికి తాను కనబడనని లైల్. వినీ వినీ, నేనే వచ్చి చూస్తానన్నారు.

వచ్చారు. పికప్‌లో.

మేమంతా చేను గట్టున నిలబడి చూస్తున్నాం. జడ్జి గారు గీత దాకా వచ్చారు, పచ్చబడింది, దాటారు. అవతల తిప్పుకుని మళ్ళీ వచ్చారు. పికప్ పక్కన పెట్టి దిగి, లైల్‌తో అన్నారు, "బాగానే ఉంది కదయ్యా."

"మీకు బాగానే ఉంటుందండీ," అన్నాడు లైల్.

అంతకు మించి అతను వాదించలేదు. మోటారుసైకిలు తెచ్చి గీత దగ్గర నిలబెట్టాడు. వెనక సీటు తుడిచాడు. ఒక హెల్మెట్ పట్టుకుని నిలబడ్డాడు. జడ్జి గారు ఆ హెల్మెట్ వైపు చాలాసేపు చూసి, కోర్టు మర్యాద గుర్తు చేసుకుని, ఎక్కారు. స్ప్రింగులు మూలిగాయి. హెల్మెట్ ఆయన తల మీద టీకప్పులా కూర్చుంది. ఆయన బరువు చూసైనా సిగ్నల్ కరుగుతుందేమోనని మాకు కాస్త భయం వేసింది. కరగలేదు. దానికి కావలసింది ఇనుము.

హైవే మీద ఒక్క బండి లేదు. అవతలి వైపు కార్లా తన కారులో ఉంది, ఆమె ఈ కేసులో సాక్షి. దీపం ఎర్రగా ఉంది.

కాసేపయ్యాక జడ్జి గారు అడిగారు, "ఎప్పుడూ ఇంతేనా?"

"ఇంతేనండీ. ఆదివారాలు ఇంకాస్త ఎక్కువ."

"రోజూ ఇక్కడ కూర్చుని ఏం చేస్తుంటావు?"

"పిల్లల పేర్లు తలుచుకుంటానండీ. మొదటి గేటు నుంచి చివరి గేటు దాకా. ఎవరు గొడుగు మర్చిపోయుంటారో అని."

జడ్జి గారు బేకరీలో పండ్ల గుజ్జు పెట్టిన కొలాచీ బన్నులు రెండు తిని, పెద్ద గ్లాసుడు కాఫీ తాగి వచ్చారని మాకందరికీ తెలుసు. ఆ కాఫీ ఇప్పుడు తన పని మొదలుపెట్టింది. ఆయన ఒక మోకాలు కదిపారు, తర్వాత రెండోది.

అప్పుడే మా భాగ్యం కొద్దీ డ్వేన్ పాల డబ్బాలతో పికప్‌లో వచ్చాడు. ఇక అయిపోయిందనుకున్నాం. కానీ ముందు కూర్చున్నది సాక్షాత్తూ జడ్జి గారు! ఆయన వీపు మీదికి బండి తెచ్చి ఆపడం మర్యాదా? డ్వేన్ రోజూ ఆపే చోటు కన్నా వెనకే ఆపాడు. జడ్జి గారు తిరిగి చెయ్యి ఊపారు. డ్వేన్ వేలెత్తాడు. జడ్జి గారు రెండు చేతులూ ఊపారు. ఆయనకి కోపం వచ్చిందనుకుని డ్వేన్ టోపీ తీసి, బండి ఇంకాస్త వెనక్కి తీశాడు.

"పోనివ్వవయ్యా లైల్," అన్నారు జడ్జి గారు. "ఎటు చూసినా ఎవరూ లేరు."

"పోనివ్వనండీ."

"నేను చెబుతున్నానుగా."

"మీ దగ్గరే కదండీ నా కేసు ఉంది. ఇప్పుడు దాటితే రెండోది అవుతుంది. అదుగో, కార్లా అక్కడే ఉంది. బుద్ధిమంతురాలు, వదలదు."

"నేను దిగి నడిచి వెళ్తాను."

"ఎర్ర దీపంలో హైవే మీద నడిస్తే అదీ తప్పేనండీ."

జడ్జి గారు దీపం వైపు చూశారు. ఖాళీ హైవే వైపు చూశారు. అవతల కోర్టు భవనం కనబడుతోంది, అందులో ఆయనకి అవసరమైన గది కూడా ఉంది. ఆయన మొహంలో మొదటిసారిగా ఒక మోటారుసైకిలువాడి మొహం కనిపించింది నాకు.

"కేసు కొట్టేశాను," అన్నారు. "ఈ సిగ్నల్ చెడిపోయింది. ఇదే తీర్పు. ఇక పోనివ్వు."

"కార్లాకి వినబడిందంటారా?"

జడ్జి గారు హైవే అవతలికి వినబడేలా తీర్పు మళ్ళీ చెప్పారు. కార్లా కారు దిగి తల ఊపింది. లైల్ అటు చూశాడు, ఇటు చూశాడు, మళ్ళీ అటు చూశాడు. అప్పుడు దాటించాడు. వెనక సీటు మీద నుంచి తీర్పు చెప్పిన న్యాయస్థానం ఇంకెక్కడైనా ఉంటే నాకు చెప్పండి.

లైల్‌కి బస్సు తిరిగొచ్చింది. కథ ఇక్కడితో అయిపోతే ఆ సిగ్నల్‌కి ఇన్ని జేజేలు చెప్పే అవసరం నాకు ఉండేది కాదు.

హైవే ఆఫీసువారు కోర్టు మీద తమకు ఎంతో గౌరవం ఉందన్నారు. కానీ పరీక్షించిన ప్రతిసారీ పచ్చబడిన యంత్రాన్ని ఏమని బాగుచెయ్యమంటారని అడిగారు. హెడ్మాస్టరు గారికి దిగులు పట్టుకుంది. జడ్జి గారు కొట్టేసింది నాటి ఎరుపును. రేపటి ఎరుపు సంగతేమిటి? లైల్ రోజూ ఎర్ర దీపం దాటలేడు, రోజూ జడ్జి గారిని వెనకెక్కించుకోలేడు. చివరికి బడి కమిటీ కూర్చుని తేల్చింది: సాయంత్రం బస్సునే లైల్ ఇంటికి తీసుకెళ్ళాలి, పొద్దున్న బస్సులోనే రావాలి.

ఇప్పుడు లైల్ ఇంటి ముందు, కోళ్ళగూడు పక్కన, ఇంటి కన్నా పొడుగైన పసుపు బస్సు నిలబడి ఉంటుంది. పొద్దున్నే అది ఒక్క మనిషిని వేసుకుని కదులుతుంది. తీగ చదరం మీద ఆగుతుంది. దీపం గౌరవంగా పచ్చబడుతుంది. ఒక మనిషి రోడ్డు దాటడానికి ఒక బస్సు! ఇంజనీరు ఈ మధ్య మళ్ళీ వచ్చి లెక్కలు చూసుకుని, ఈ దారిలో పెద్ద వాహనాల రాకపోకలు పెరిగాయని, ఇక్కడ సిగ్నల్ పెట్టడం సరైన పనేనని రుజువైందని చాలా సంతోషించాడు.

మేమూ సంతోషంగానే ఉన్నాం. ఫ్యాక్టరీకి వెళ్ళేవాళ్ళు, బేకరీలో పిండి కలిపే ఆవిడ, నేను, మోటారుసైకిళ్ళ వాళ్ళమంతా లైల్ గేటు బయట చేరతాం. బస్సు కదిలితే దాని వెనక బాతుపిల్లల్లా బయల్దేరతాం. బస్సు పచ్చ దీపంలో దాటుతుంటే దాని నీడలో మేమూ దాటేస్తాం.

లైల్ మాత్రం దాటేటప్పుడు తొందరపడడు. బస్సులో అప్పటికి పిల్లలెవరూ ఉండరు, మొదటి గేటు ఇంకా రాలేదు. అయినా పక్కనున్న పెద్ద అద్దంలోకి చూస్తాడు. ఒక్కొక్కరినే చూస్తాడు. ఆఖరివాడు కూడా అవతలికి చేరాడని చూసుకున్నాకే వేగం పెంచుతాడు. ఒకరోజు బేకరీ ఆవిడ రాకపోతే బస్సు కిటికీ తీసి, ఆవిడకి ఒంట్లో బాగాలేదా అని నన్నడిగాడు. ఆ కూడలిలో ఇంత ఖరీదైన యంత్రం పెట్టినా, మేం వచ్చామో రాలేదో తెలిసినవాడు అతనొక్కడే.

అలాంటి అద్దం ఒకటి కొని హైవే ఆఫీసువారికి బహుమతిగా పంపుదామని డ్వేన్ అంటున్నాడు. నేను వద్దన్నాను. దాన్ని వాళ్ళు రోడ్డు వైపు తిప్పుతారో, తమ మొహాల వైపు తిప్పి బిగించుకుంటారో మనకు తెలియదా?